సముద్రం గోడ పక్కన: అర్బ్రోత్ ఆడిన ఒక సీజన్

(కాకినాడలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడే పిల్లలతో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మీ పీటీ మాస్టారు నాకు ఫోన్ చేసి, స్కాట్లాండ్‌లో చదువుకుని వచ్చావు కదా, అక్కడి ఫుట్‌బాల్ గురించి మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పు అన్నారు. స్కాట్లాండ్ అనగానే మీలో చాలామందికి సెల్టిక్, రేంజర్స్ గుర్తొస్తాయి, అది మీ తప్పేం కాదు, టీవీలో కనిపించేది ఆ రెండే. 1985లో అబర్డీన్ లీగ్ గెలిచాక దశాబ్దాల పాటు ఆ రెండు గ్లాస్గో జట్లు తప్ప ఇంకెవరూ పై లీగ్ టైటిల్ ముట్టుకోలేదు. నేను మాత్రం ఈరోజు వాళ్ల గురించి చెప్పను. ఒక చిన్న ఊరి జట్టు గురించి, అది ఆడిన ఒకే ఒక్క సీజన్ గురించి చెప్తాను. ఆ సీజన్‌లో వాళ్లు కప్పు గెలవలేదు, పైకి కూడా వెళ్లలేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఎవరికైనా ఫుట్‌బాల్ గురించి చెప్పాలంటే ముందు నోటికొచ్చేది ఆ జట్టు పేరే. అర్బ్రోత్.

నేను 2021 సెప్టెంబర్‌లో డండీ అనే ఊరికి ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లాను. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు, ఆ 20 గంటలు ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోమాను. పగలు క్లాసులు, సాయంత్రం పని, రాత్రి బస్సులో నిద్ర. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ వంటింట్లో నా పక్కన కూరగాయలు తరిగే పెద్దాయనది అర్బ్రోత్. శనివారం మాత్రం డ్యూటీ వెయ్యొద్దని ముందే చెప్పేసేవాడు. ఎందుకని అడిగితే, "మావాళ్లు ఆడతారు" అనేవాడు. మావాళ్లు అంటే కొడుకులో, అల్లుళ్లో అనుకున్నాను. ఒక నెల పోయాక అర్థమైంది, ఆయన చెప్పేది ఊరి జట్టు గురించి. మన దగ్గర పెళ్లికి మగపెళ్లివారిని "మావాళ్లు" అంటాం చూడండి, అచ్చం ఆ గొంతుతో.

డండీ నుంచి అర్బ్రోత్‌కి రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు. దారి పొడవునా కుడివైపు సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. ఊరి జనాభా సుమారు 24 వేలు, అంటే మన వైపు ఒక పెద్ద మండల కేంద్రం అంత. చేపలరేవు ఉంది. 1320లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరుతూ పోప్‌కి రాసిన ఉత్తరం ఈ ఊరి పేరు మీదే చరిత్రలోకెక్కింది. హేడాక్ అనే చేపని రెండేసి చొప్పున తోకలు కలిపి తాడుతో కట్టి, గట్టి కర్రల పొగ మీద వేలాడదీసి ఉడికిస్తారు, దాన్ని స్మోకీ అంటారు. మన ఉప్పాడలో చేపలు ఎండబెడతాం, వాళ్లకి ఎండెక్కడిది, అందుకే పొగ పెడతారు. మన బందరు లడ్డూకి జీఐ గుర్తింపు ఉన్నట్టే ఆ స్మోకీకి కూడా 2004లో అలాంటి గుర్తింపు వచ్చింది, ఆ ఊరి చుట్టుపక్కల తయారైతే తప్ప ఆ పేరు పెట్టుకోకూడదు. వేడివేడిగా కాగితంలో పెట్టి ఇస్తారు, ముల్లు దానంతటదే ఊడొస్తుంది. అబ్బ, ఆ రుచి వేరు.

ఇక స్టేడియం. దాని పేరు గేఫీల్డ్ పార్క్. యూరప్ మొత్తంలో సముద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఫుట్‌బాల్ మైదానం అదేనని చెప్తారు. మామూలుగా అయితే మీకు నమ్మకం కుదిర్చడం కష్టమే, కానీ మీరు కాకినాడ పిల్లలు, ఉప్పాడ బీచ్ రోడ్డు మీద తుఫాను రోజుల్లో అల ఎలా విరుచుకుపడుతుందో చూసినవాళ్లు. ఆ రోడ్డు పక్కనే ఒక గోడ, గోడకి ఇవతల ఫుట్‌బాల్ మైదానం ఉందనుకోండి. అంతే, అదే గేఫీల్డ్. గాలి గట్టిగా వీచిన రోజు అల గోడ దాటి జనం మీద పడుతుంది. గోల్ కీపర్ బంతి తన్నితే అది పైకి లేచి, గాలిలో ఆగి, వెనక్కి తిరిగి కార్నర్‌కి పోవడం నా కళ్లతో చూశాను.

క్లబ్ పెట్టింది 1878లో. రాత్రిపూట పడవలు రేవులోకి దారి తప్పకుండా రావడానికి ఒకప్పుడు ఎర్ర దీపం పెట్టేవారట, ఆ దీపం పేరు మీదే జట్టుకి రెడ్ లిచ్టీస్ అనే ముద్దుపేరు వచ్చింది, లిచ్ట్ అంటే వాళ్ల యాసలో దీపం. ఇంకో సంగతి, మీలో క్విజ్‌లకి వెళ్లేవాళ్లుంటే రాసుకోండి. 1885 సెప్టెంబర్ 12న స్కాటిష్ కప్‌లో అబర్డీన్ నుంచి వచ్చిన బాన్ అకార్డ్ అనే జట్టుని అర్బ్రోత్ 36–0 తేడాతో ఓడించింది. జాన్ పెట్రీ అనే 18 ఏళ్ల కుర్రాడు ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు. అదే రోజు పక్క ఊరు డండీలో ఇంకో జట్టు 35–0తో గెలిచింది, ఒక్క గోల్ తేడాతో వాళ్ల రికార్డు అప్పుడే పోయింది, పాపం.

సరే, అసలు విషయంలోకి వస్తాను. స్కాట్లాండ్‌లో పై నాలుగు మెట్లలో మొత్తం 42 క్లబ్బులు. అన్నిటికంటే పైన ప్రీమియర్‌షిప్, 12 జట్లు. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 10 జట్లు. చాంపియన్‌షిప్‌లో ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో నాలుగేసిసార్లు ఆడాలి, రెండు ఇక్కడ, రెండు అక్కడ, మొత్తం 36 మ్యాచ్‌లు. మొదటి స్థానం వాళ్లు నేరుగా పైకి. రెండు, మూడు, నాలుగు స్థానాల వాళ్లు ప్లేఆఫ్ ఆడుకుని, అందులో మిగిలినవాళ్లు ప్రీమియర్‌షిప్‌లో 11వ స్థానంలో ఉన్న జట్టుని ఓడిస్తేనే పైకి. అంటే రెండో స్థానం అనేది చెయ్యందేంత దూరం, అయినా చాలా దూరం.

2021–22లో ఆ పది జట్లలో తొమ్మిది ఫుల్ టైమ్. ఆటగాళ్లకి ఆటే ఉద్యోగం, పొద్దున్నే ట్రైనింగ్, మధ్యాహ్నం విశ్రాంతి, తిండికి ఒకరు, కండరాలకి ఒకరు. అర్బ్రోత్ ఒక్కటే పార్ట్ టైమ్. వాళ్లు వారానికి రెండు రాత్రులు ట్రైనింగ్ చేస్తారు, పగలంతా ఎవరి పని వాళ్లది. బాబీ లిన్ అని ఒక వింగర్ ఉండేవాడు, 2013 నుంచీ ఆ క్లబ్‌లోనే ఉన్నవాడు, బంతి కాలికి తగిలితే జనం లేచి నిలబడేవారు. ఆయన ఉద్యోగం చెత్త బండి మీద. తెల్లవారకముందే లేచి ఇళ్ల ముందు చెత్త డబ్బాలు బండిలోకి ఎత్తే పని. ఆ పని చేసి వచ్చిన కాళ్లతోనే శనివారం మూడింటికి ఫుల్ టైమ్ డిఫెండర్‌ని పరిగెత్తించేవాడు. దీన్ని అక్కడ ఎవరూ వింతగా చెప్పుకోరు, చిన్నతనంగా అసలే అనుకోరు. నాకు నచ్చింది అదే.

పార్ట్ టైమ్ అంటే సగం మనసు పెట్టడం అని మనం అనుకుంటాం. నేనూ అనుకున్నాను, ఎందుకంటే నా పార్ట్ టైమ్ పనిలో నా మనసు సగం కాదు, పావు కూడా ఉండేది కాదు. ఆ జట్టుని చూశాక ఆ మాట అనడం మానేశాను. మనకీ ఇది కొత్త కాదు తెలుసా? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. పేరులోనే ఉంది, పోలీసు శాఖ జట్టు అది. వాళ్లకి ఆట నేర్పిన రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు, తర్వాత ఆయనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశ జట్టుని నాలుగో స్థానానికి, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికి తీసుకెళ్లారు. ఈ పేర్లు మీరు గుర్తుపెట్టుకోవాలి, పరీక్షకి కాదు, మీ కోసం.

అర్బ్రోత్ మేనేజర్ డిక్ క్యాంప్‌బెల్. అప్పటికి 68 ఏళ్లు. నెత్తిన ఎప్పుడూ చదునైన టోపీ. పక్కన అసిస్టెంట్‌గా కవల సోదరుడు ఇయన్. ఈయన 2016లో వచ్చేసరికి జట్టు నాలుగో మెట్టు మీద, అంటే లీగ్ టూలో, దిగువన కొట్టుమిట్టాడుతోంది. 2017లో లీగ్ టూ గెలిచారు, 2019లో లీగ్ వన్ గెలిచారు. చాంపియన్‌షిప్‌లో మొదటి రెండేళ్లూ నిలబడితే చాలని అందరూ అన్నారు, నిలబడ్డారు. మూడో ఏడాది కూడా కింద పడిపోకుండా ఉంటే గొప్పే అన్నారు.

ఆ మూడో ఏడాదే 2021–22. శరదృతువులో మెల్లగా ఎక్కడం మొదలుపెట్టారు. గోల్స్ వరద పారించిన జట్టేం కాదు, కానీ వాళ్లకి గోల్ కొట్టడం మహా కష్టం. మైకేల్ మెకెన్నా అనే మిడ్‌ఫీల్డర్, ఫార్వర్డ్ కూడా కాదు, జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. ముందు వరసలో లివింగ్‌స్టన్ అనే ఇంకో క్లబ్ నుంచి లోన్ మీద, అంటే అరువుగా, వచ్చిన జోయెల్ నూబుల్, భుజం ఆనించాడంటే డిఫెండర్ పక్కకి పోవాల్సిందే. క్రిస్మస్ నాటికి పట్టికలో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? చెత్త బండి ఎక్కే వింగర్ ఉన్న ఈ జట్టుది.

నేను మొదటిసారి గేఫీల్డ్‌కి వెళ్లింది డిసెంబర్ మొదట్లో. పెద్దాయనే తీసుకెళ్లాడు. మూడింటికి ఆట మొదలు, మూడున్నరకల్లా చీకటి, ఫ్లడ్ లైట్లు వేసేశారు. ఉప్పుగాలికి పెదాలు పగిలిపోతున్నాయి. నేను రెండు స్వెటర్ల మీద జాకెట్ వేసుకుని వణుకుతుంటే, ఆయన చేతిలో వేడి పై పెట్టాడు, మటన్ ఖీమాతో చేసిన గుండ్రని పఫ్ అనుకోండి, చెయ్యి కాలేంత వేడి, తినడం కంటే ముందు వేళ్లు కాచుకోవడానికి పట్టుకున్నాను. హాఫ్ టైమ్ అయ్యేసరికి ఒక్కసారిగా జనమంతా కదిలారు. గొడవేమైనా అయిందేమోనని నాకు టెన్షన్. గొడవ కాదు. రెండో సగంలో తమ జట్టు ఏ గోల్ వైపు ఆడుతుందో ఆ గోల్ వెనక్కి వెళ్లి నిలబడటానికి నడుస్తున్నారు. అవతలి జట్టువాళ్లు ఎదురొస్తున్నారు, వాళ్లూ అదే పని మీద. మధ్యలో కంచె లేదు, పోలీసుల వరస లేదు, ముసలాయన ఒకాయన ఎదురొచ్చినాయన మఫ్లర్ సర్ది మరీ వెళ్లాడు. క్రికెట్ స్టేడియంలో లాఠీల మధ్య క్యూలో నిలబడి పెరిగినవాణ్ణి, అది చూసి గొంతు పట్టేసింది.

ఆ ఏడాది చివర్లో కోవిడ్ మళ్లీ పెరిగి, ప్రభుత్వం బయట జరిగే కార్యక్రమాలకి 500 మందికి మించి రాకూడదంది. మూడు వారాలు. మంచి ఊపులో ఉన్నప్పుడు జనాన్నే ఆపేశారు. జనవరిలో ఇంకో దెబ్బ, లివింగ్‌స్టన్ తన నూబుల్‌ని వెనక్కి పిలిపించుకుంది. లోన్ అంటే అంతే, మన చేను మీద పక్కింటివాళ్ల ఎడ్లు, వాళ్లకి అవసరమైతే తోలుకెళ్తారు. వాళ్లని తప్పు పట్టలేం. పెద్దాయన ఆ వారం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాడు. లివింగ్‌స్టన్ నుంచే జాక్ హామిల్టన్ అనే ఇంకో ఫార్వర్డ్‌ని లోన్ మీద తెచ్చుకుని సీజన్ నడిపించారు.

ఇక్కడ కిల్‌మార్నాక్ గురించి చెప్పాలి. 1965లో దేశం మొత్తానికి చాంపియన్ అయిన క్లబ్ అది. ముందు ఏడాదే ప్రీమియర్‌షిప్ నుంచి కిందపడింది, ఎలాగైనా తిరిగి పైకి వెళ్లాలన్న పట్టుతో ఉంది. జనవరిలో డెరెక్ మెకిన్నెస్ అనే పేరున్న మేనేజర్‌ని తెచ్చుకుంది. అప్పటి నుంచి రెండు జట్ల మధ్య దోబూచులాట. ఒక వారం వీళ్లు పైన, ఇంకో వారం వాళ్లు. నేను ఫోన్‌లో స్కోర్లు చూసుకుంటూ గిన్నెలు తోముతుంటే షెఫ్ రెండుసార్లు మందలించాడు.

ఏప్రిల్ 22, శుక్రవారం రాత్రి. కిల్‌మార్నాక్ సొంత మైదానం రగ్బీ పార్క్. సీజన్ ఆఖరి మ్యాచ్‌కి ముందు మ్యాచ్. గెలిస్తే అర్బ్రోత్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్తుంది, అక్కడి నుంచి ఒక్క మ్యాచ్ మిగులుతుంది. ఆ రోజు పెద్దాయన సెలవు పెట్టుకుని బస్సులో వెళ్లాడు, నేను డ్యూటీలో ఉన్నాను. మొదటి గోల్ అర్బ్రోత్‌దే! వంటింట్లో నేను గరిటెతో సింకు మీద కొట్టాను. సెకండ్ హాఫ్ సాగుతూనే ఉంది, ఆ ఒక్క గోల్‌నే పట్టుకుని వేలాడుతున్నారు. ఆట ఆఖరికొస్తుండగా కిల్‌మార్నాక్ సమం చేసింది. సరే, డ్రా అయినా ఆశ ఉంటుంది అనుకున్నాను. 90వ నిమిషం. బ్లెయిర్ ఆల్‌స్టన్ కొట్టాడు. 2–1. టైటిల్ కిల్‌మార్నాక్‌ది.

చివరి లెక్క చెప్తాను, ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కిల్‌మార్నాక్ 67 పాయింట్లు, అర్బ్రోత్ 65. కిల్‌మార్నాక్ ఆ సీజన్‌లో 9 మ్యాచ్‌లు ఓడిపోయింది, అర్బ్రోత్ 5 మాత్రమే. మరి తేడా ఎక్కడొచ్చింది? డ్రాలు. అర్బ్రోత్ 14 మ్యాచ్‌లు డ్రా చేసుకుంది, కిల్‌మార్నాక్ 7. గెలుపుకి మూడు, డ్రాకి ఒకటి. ఓడకుండా ఉండటం వేరు, గెలవడం వేరు, పట్టిక ఆ రెండిటినీ కచ్చితంగా వేరు చేసి చూపిస్తుంది. ఆ 14 డ్రాలలో ఒక్కటి గెలుపుగా మారితే పాయింట్లు సమానం అయ్యేవి, రెండు మారితే టైటిలే. ఆ పద్నాలుగిట్లో ఎన్ని గాలికి పోయాయో, ఎన్ని పొద్దున నాలుగింటికి లేచిన కాళ్ల వల్ల పోయాయో ఎవరు లెక్కపెడతారు?

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్లేఆఫ్ ఉంది. సెమీఫైనల్ ఇన్వర్నెస్‌తో. మొదటి మ్యాచ్ మే 10, మంగళవారం రాత్రి, ఇన్వర్నెస్‌లో. అర్బ్రోత్ నుంచి రోడ్డు మీద మూడు గంటల దూరం. ఆడి, బస్సెక్కి, అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరి, బుధవారం పొద్దున పనికి వెళ్లాలి. 0–0. మళ్లీ శుక్రవారం 13న గేఫీల్డ్‌లో. ఈసారి నేను వెళ్లాను. షిఫ్ట్ వేరేవాళ్లతో మార్చుకుని, రెండు రోజుల డబ్బులు పోగొట్టుకుని వెళ్లాను, ఇప్పుడు తలుచుకున్నా అది మంచి పనే అనిపిస్తుంది.

మే నెల, రాత్రి తొమ్మిదికి కూడా వెలుతురుంది. సముద్రం ఆ రోజు నిశ్శబ్దంగా ఉంది. ఇన్వర్నెస్‌లో ఒకరికి రెడ్ కార్డ్. తర్వాత ఇంకొకరికి. తొమ్మిది మంది మిగిలారు. గేఫీల్డ్ మొత్తం లేచి నిలబడింది, ఇక అయిపోయినట్టే అనుకున్నాం. ఆ తొమ్మిది మంది ఒక గోడలా నిలబడ్డారు, వాళ్లని మెచ్చుకోకుండా ఉండలేను, ఎన్నిసార్లు బంతి లోపలికేసినా ఎవరో ఒకరి కాలో తలో అడ్డం. ఎక్స్‌ట్రా టైమ్ అయినా 0–0. పెనాల్టీలు. 5–3తో ఇన్వర్నెస్ గెలిచింది.

ఆ తర్వాత జరిగింది చెప్తాను. ఎవరూ వెళ్లలేదు. ఒక నిమిషం మొత్తం చప్పుడు లేదు, గోడ అవతల నీళ్ల చప్పుడు తప్ప. ఆటగాళ్లు గడ్డి మీద కూర్చుండిపోయారు. తర్వాత ఎక్కడో ఒక మూల చప్పట్లు మొదలయ్యాయి, అవి పెరిగి పెరిగి మైదానం చుట్టూ తిరిగాయి. నా పక్కన పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని చప్పట్లు కొట్టలేక టోపీని తొడ మీద కొడుతున్నాడు. నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. ఆయన నావైపు చూడకుండానే, "సోమవారం నీది పొద్దున షిఫ్టా, సాయంత్రమా?" అని అడిగాడు.

ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. ఆ... తర్వాత ఏమైంది అంటున్నాడు. చెప్తాను.

తర్వాతి సీజన్ కష్టంగా గడిచింది, కింది నుంచి మూడో స్థానంలో, అంటే ఎనిమిదో స్థానంలో నిలబడ్డారు. 2023 నవంబర్‌లో డిక్ క్యాంప్‌బెల్ వెళ్లిపోయారు, ఏడేళ్ల పైన నడిపాక. 2024లో అట్టడుగున నిలిచి లీగ్ వన్‌కి పడిపోయారు. ఆ రోజు పెద్దాయనకి నేను వాట్సాప్ చేస్తే ఒక్క బొటనవేలి గుర్తు పంపి ఊరుకున్నాడు. మరుసటి ఏడాది, 2025లో, లీగ్ వన్ గెలిచి మళ్లీ చాంపియన్‌షిప్‌లోకి వచ్చారు. ఈసారి జట్టుని నడిపించింది ఇద్దరు కలిసి, కాలిన్ హామిల్టన్, డేవిడ్ గోల్డ్. ఆ ఇద్దరూ 2021–22 జట్టులో ఆడినవాళ్లే.